బడిపంతులు రహీం సాబ్

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూసారాంబాగ్, న్యూమార్కెట్, మలక్‌పేట స్టేషన్లు దాటగానే మూసీ వస్తుంది. దాని ఒడ్డునే చాదర్‌ఘాట్. మన బడిలో చదివిన వాళ్లందరికీ తెలిసిన దారే ఇది. కోఠీలో పాత పుస్తకాలు కొనడానికి వెళ్లినా, కాచిగూడ స్టేషన్‌లో చుట్టాలను రైలెక్కించడానికి వెళ్లినా అటే వెళ్లేవాళ్లం. భారతదేశాన్ని ఫుట్‌బాల్‌లో రెండుసార్లు ఆసియా క్రీడల విజేతగా నిలబెట్టిన మనిషి ఆ కాచిగూడ మిడిల్ స్కూల్లో, ఆ చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేసిన ఉపాధ్యాయుడని మాత్రం మనలో చాలామందికి తెలియదు. నాకూ చదువు ముగిసి ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ మైదానాల్లో అందరికీ రహీం సాబ్.

2024లో అజయ్ దేవగన్ నటించిన హిందీ సినిమా ‘మైదాన్’ వచ్చాక ఆయన పేరు మళ్లీ నలుగురి నోటా వినిపించింది. సినిమా చూసిన మిత్రులు ఆయనను గొప్ప కోచ్‌గా చెప్పుకున్నారు. అది నిజమే. కానీ ఇది బడి సంచిక. దీన్ని చదివేది ఒకప్పటి విద్యార్థులు, వాళ్లకు చదువు చెప్పిన గురువులు. అందుకని నేను ఆయనలోని పంతులు గురించి రాయదలచుకున్నాను. ఆయన విజయాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే అన్నింటిలోనూ నాకు కనిపించింది ఆ పంతులే.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు నగరం నిజాం పాలనలో ఉంది. ఆయన తొమ్మిదో ఏట, 1918లో, ఉర్దూ బోధనా మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. తర్వాతి రోజుల్లో అక్కడే బీఏ చదివారు, విశ్వవిద్యాలయం జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ చేతికొచ్చాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. ఆ తర్వాత చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత ఆయనదే. అంటే మనం డ్రిల్ సారు అని పిలుచుకునే ఉద్యోగం. బడుల్లో ఆ ఉద్యోగానికి దక్కే గౌరవం ఎంతో మనకు తెలియనిది కాదు. లెక్కల సారు సిలబస్ పూర్తి కాకపోతే ముందుగా పోయేది డ్రిల్ పీరియడే.

ఆనాటి హైదరాబాద్ ఆటలకు పేరున్న నగరం. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం వ్యవహారాలు చూసిన ఎస్.ఎం. హాదీ సామాన్యుడు కాదు. డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడినవాడు, రంజీ ట్రోఫీ చరిత్రలో మొదటి శతకం కొట్టినవాడు. 1940లలో ఆయన తర్వాత సంఘం కార్యదర్శి పదవి రహీం సాబ్‌కు వచ్చింది. బడిలో పిల్లలకు ఆట నేర్పుతున్న మనిషి చేతికి ఇప్పుడు నగరమంతా వచ్చింది. ఆయన దాన్నీ తరగతి గదిలాగే నడిపారు.

అప్పటి మన ఆటగాళ్లలో ఆయనకు కనిపించిన లోపాలు ప్రధానంగా రెండు. ఒకటి, బంతి దొరికితే వదలకుండా కాళ్ల మధ్య ఆడించుకుంటూ ఒంటరిగా పరుగెత్తడం. చూసేవాళ్లు ఈలలు వేస్తారు గాని ఈలోగా ఎదుటి జట్టు సర్దుకుంటుంది. రెండోది, ఒక్క కాలితోనే ఆడటం. కుడికాలివాటం వాడికి బంతి ఎడమ పక్కకు వస్తే, దాన్ని కుడికాలికి తెచ్చుకునేలోపు అవకాశం చేజారుతుంది. ఇలాంటివి తిడితే పోవు, ఉపన్యాసాలతో అసలే పోవు. రహీం సాబ్ పోటీల నియమాలనే మార్చారు. డ్రిబ్లింగ్ నిషేధించి కొన్ని పోటీలు పెట్టారు. బలం లేని కాలితోనే ఆడాలని మరికొన్ని పెట్టారు. జట్టుకు ఐదుగురే ఆడే చిన్న పోటీలూ నడిపారు. బంతి పట్టుకుని పరుగెత్తడానికి వీల్లేదంటే కుర్రాడు తలెత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడక తప్పదు. కుడికాలు వాడకూడదంటే ఎడమకాలు పని నేర్చుకోక తప్పదు. బంతి అందీ అందగానే ఒక్క తాకుడుతో తోటివాడికి పంపడం ఆయన జట్ల ముద్ర అయింది. నేను ఇంజనీరును. ఒక యంత్రం సరిగా పనిచేయకపోతే మొత్తం విప్పి పారేయం, లోపమున్న భాగాన్ని విడదీసి విడిగా పరీక్షిస్తాం. ఆయన చేసింది సరిగ్గా అదే.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు వరుసగా 5 సార్లు గెలిచింది. ఆ కప్పు చరిత్రలో మరే జట్టుకూ అది సాధ్యం కాలేదు. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్ కూడా ఆయన హయాంలో ఒకటికి మించి సార్లు మన నగరానికి వచ్చింది. భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే రోజులవి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి జట్ల వెనక లక్షల అభిమానం ఉండేది. మన జట్టులో ఉన్నది పేద ఇళ్లనుంచి వచ్చి, బంతి ఆట పుణ్యమాని పోలీసు కొలువు దొరికిన కుర్రాళ్లు. వాళ్లతోనే కలకత్తా జట్లకు సమ ఉజ్జీ అనిపించుకున్నారు.

జాతీయ జట్టు కూడా ఆయన చేతికి వచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా కెప్టెన్‌గా భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించింది. ఆ ఒక్క గోల్ సాహూ మేవాలాల్‌ది. స్వతంత్ర భారతానికి ఫుట్‌బాల్‌లో అది మొదటి ఆసియా స్వర్ణం.

ఏడాది తిరిగేసరికి గొప్ప దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1తో ఓడిపోయారు. మన ఆటగాళ్లలో చాలామందికి వట్టికాళ్లతో ఆడటమే అలవాటు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో అలా ఆడి ఫ్రాన్స్‌తో 1-2 తేడాతో మాత్రమే ఓడారు గనుక, అదొక ఘనతగా కూడా చెప్పుకున్నాం. హెల్సింకీ చలిలో, బూట్లు వేసుకున్న బలమైన జట్టు ముందు ఆ గొప్ప నిలబడలేదు. ఆ తర్వాతే మన దేశంలో బూట్లతో ఆడటం తప్పనిసరి చేశారు.

ఈ ఓటమి రహీం సాబ్‌ది కూడా. అప్పుడు కోచ్ ఆయనే. ఆయన్ను పొగిడేవాళ్లు ఈ పది గోల్స్‌ను తొందరగా దాటేస్తారు. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే. పరీక్ష తప్పిన విద్యార్థి రెండు పనులు చేయవచ్చు. ప్రశ్నపత్రాన్ని తిట్టుకోవచ్చు, లేదా దిద్దిన జవాబుపత్రం ముందేసుకుని ఎక్కడెక్కడ మార్కులు పోయాయో చూసుకోవచ్చు. ఆయన రెండోదే చేశారు.

అప్పట్లో మన జట్లు వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు అనే పాత పద్ధతిలో ఆడేవి. ముందు ఐదుగురు వరుసగా నిలబడితే వాళ్లను పట్టుకోవడం ఎదుటివాళ్లకు తేలిక. వెనక ఇద్దరే మిగిలితే గోల్ కొట్టడమూ తేలికే. అదే కాలంలో హంగేరీ జట్టు తన సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడిస్తోంది. అతణ్ని వెంటాడుతూ ముందుకు వస్తే డిఫెండర్ వెనక ఖాళీ ఏర్పడుతుంది, వదిలేస్తే అతను హాయిగా ఆటను నడిపిస్తాడు. 1953లో ఆ ఎత్తుతోనే హంగేరీ ఇంగ్లండ్‌ను వెంబ్లీలో 6-3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరచింది. రహీం సాబ్ ఆ పద్ధతిని మన ఆటగాళ్ల ఒడ్డూ పొడుగుకు తగ్గట్టు మలిచారు. నలుగురు, ఇద్దరు, నలుగురుగా నిలిచే అమరికను బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌లో గెలిచి లోకానికి చాటింది. అంతకు ముందే ఆయన దాన్ని ఇక్కడ ఆడించి చూశారు.

ఆ చదువు ఫలితం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో తెలిసింది. మొదటి రౌండులో హంగేరీ తప్పుకోవడంతో ఆడకుండానే ముందుకు వెళ్లాం. అదృష్టం కలిసొచ్చిన మాట నిజమే. ఆ పోటీల్లో ఆడిన జట్లు మొత్తం 11 మాత్రమేనన్నదీ నిజమే. కానీ తర్వాతి మ్యాచ్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల నేల మీదే 4-2తో ఓడించడంలో అదృష్టం పాత్ర లేదు. నెవిల్ డిసౌజా ఆ రోజు 3 గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియావాసి అతనే. సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టూ మనదే. జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫిఖారుద్దీన్, తులసీదాస్ బలరామ్ లాంటి మన నగరం కుర్రాళ్లు ఉన్నారు.

సెమీఫైనల్లో ఎదురైంది మళ్లీ యుగోస్లావియానే. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ కొట్టిన దేశం. ఈసారి మొదటి గోల్ మనది. ఆ తర్వాత వాళ్లు నాలుగు కొట్టి గెలిచారు. మూడో స్థానం కోసం జరిగిన పోటీలో బల్గేరియాతో 0-3తో ఓడి పతకం లేకుండానే తిరిగొచ్చారు. చరిత్రలో అది నాలుగో స్థానంగా మిగిలింది. 10-1 నుంచి 4-1కి రావడం ఎంత దూరమో మార్కులు దిద్దిన గురువులకు తెలుస్తుంది. సున్నాల దగ్గర కూర్చున్నవాణ్ని పాసుమార్కుల దాకా లాక్కొచ్చే పని, ఫస్టు వచ్చేవాణ్ని మళ్లీ ఫస్టు తెప్పించడం కన్నా కష్టం.

ఆ కాలంలోనే 1956-57, 1957-58లలో హైదరాబాద్ జట్టు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. రెండుసార్లూ ఫైనల్లో ఓడింది బొంబాయే. ఆ విజయాల వెనకున్నదీ రహీం సాబే.

బలరామ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు. అతని ఆట చూసి రహీం సాబ్ నగరానికి వచ్చి సాధన చేయమన్నారు. రానూపోనూ ఖర్చు భరించే స్థితి ఆ ఇంట్లో లేదు. సైకిల్ అద్దెకు తీసుకోవడానికి డబ్బులిచ్చి మరీ రప్పించుకున్నారు. ఆ కుర్రాడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిపి దేశం చెప్పుకునే త్రయంలో ఒకడయ్యాడు. 2023లో కన్నుమూసేదాకా ఆయన తన గురువును తలుచుకుంటూనే ఉన్నారు. మన గురువుల్లోనూ ఫీజు కట్టలేని పిల్లవాడికి చెప్పకుండా కట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇది చదువుతుంటే, ఆ సైకిల్ అద్దె విలువ నేను వివరించనక్కర్లేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గ్రూపు చాలా గట్టిది. హంగేరీతో 1-2తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచాం, పెరూతో 1-3తో ఓడి వెనుదిరిగాం. ఆ జట్టులో రహీం సాబ్ సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మూడు మ్యాచ్‌లలో ఒక్కదాంట్లోనూ అతనికి ఆడే అవకాశం రాలేదు. జట్టును నిర్ణయించేది తండ్రే, పక్కన కూర్చున్నది కొడుకే. ఆ తండ్రీకొడుకుల మధ్య ఆ రోజుల్లో ఏం మాటలు నడిచాయో మనం ఊహించుకోవలసిందే. సొంత పిల్లలు చదివే తరగతికే పాఠం చెప్పిన ఉపాధ్యాయులకు ఆ ఇబ్బంది తెలుసు. హకీం తర్వాత వైమానిక దళంలో అధికారిగా పనిచేసి, అంతర్జాతీయ రిఫరీగా ఎదిగి, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. ఒలింపిక్స్ మైదానంలో మాత్రం దిగలేదు.

1962 వచ్చేసరికి రహీం సాబ్‌కు క్యాన్సర్. ఆ జబ్బుతోనే జట్టును తీసుకుని జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లారు. అక్కడ పరిస్థితులు ఏమాత్రం బాగా లేవు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానివ్వనందుకు ఆసియా క్రీడల సమాఖ్యలోని మన పెద్ద జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో ఇండోనేషియా జనానికి భారతదేశం మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మైదానంలో మనవాళ్లు బంతి తాకితే చాలు, కేకలతో హోరెత్తించేవారు.

మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియాతో 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీస్ చేరాం. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి 6 కుట్లు పడ్డాయి. తలకు కట్టుతో ఉన్న డిఫెండర్‌ను ఏం చేయాలి? ఎవరైనా ఇంట్లో కూర్చోబెడతారు. రహీం సాబ్‌కు ఇంకో సంగతి గుర్తుంది. ఫార్వర్డ్‌గా ఆడటమూ జర్నైల్‌కు తెలుసు. సెమీఫైనల్లో అతణ్ని ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. చుట్టూ లక్షమంది దాకా జనం, అంతా మనకు వ్యతిరేకం. జ్వరంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను రహీం సాబ్ మళ్లీ దింపారు. తంగరాజ్ కూడా మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. మొదటి అరగంటలోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. కొరియా చివర్లో ఒక గోల్ చేయగలిగింది. 2-1. రెండు వారాలు తిరగకముందే, తప్పిన పరీక్షను అదే పరీక్షాధికారి ముందు మళ్లీ రాసి ఫస్టున పాసయ్యారు. ఫైనల్‌కు ముందు రాత్రి ఆయన ఆటగాళ్లను కూర్చోబెట్టి, తనకు కానుకగా ఆ బంగారాన్ని అడిగారని చెబుతారు. అడిగిన మనిషి ఆరోగ్యం ఎలా ఉందో చూస్తున్న వాళ్లకు అంతకన్నా చెప్పవలసింది ఏముంటుంది?

అప్పటినుంచి తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53. జకార్తా తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. 1970లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, రహీం సాబ్ చేతికింద మన పోలీసు జట్టులో ఎదిగిన కుర్రాడే. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్లు. 1990లో ఆ అవార్డు నయీముద్దీన్‌కు వచ్చింది. గురువుకు అందనిది శిష్యుడి చేతికి అందింది.

ఇక మన సంగతి. స్వర్ణోత్సవానికి గుర్తుగా బడికి ఏమివ్వాలని మన సంఘంలో చర్చ నడుస్తోంది. మైదానంలో ఒక మూల ఆడిటోరియం కట్టాలన్న ఆలోచన బలంగా ఉంది. నేను కట్టడాలు కట్టించే వృత్తిలోనే బతికినవాణ్ని, ఆడిటోరియం మీద నాకు కోపం లేదు. కానీ ఆ మూల పోతే మిగిలేది ఫుట్‌బాల్ కోర్టుకు సరిపోదు. మన రోజుల్లో నలభైమంది పిల్లలకు ఒకటే బంతి. కుట్లు ఊడితే డ్రిల్ సారే ఇంటికి తీసుకెళ్లి కుట్టించుకొచ్చేవారు. ఆ బంతి వెంట పరుగెత్తిన వాళ్లలో ఎవరమూ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. అయినా ఓడిపోయి ఇంటికి వెళ్లడం, మర్నాడు మళ్లీ రావడం అక్కడే నేర్చుకున్నాం. ఉద్యోగంలో నాకు పనికొచ్చిన పాఠాల్లో అదొకటి.

ఈ ప్రాంతంలో ఇక ఖాళీ జాగా దొరకదు. మైదానం ఒకసారి పోతే ఎన్ని కోట్లు పెట్టినా తిరిగి రాదు. నా వినతి ఇది: ఆడిటోరియం పాత బ్లాకు మీద అంతస్తుగా వేసుకుందాం. ఆ పునాదులు, పిల్లర్లు ఎంత బరువు మోస్తాయో పరీక్ష చేయించి నివేదిక ఇచ్చే బాధ్యత నాది. మైదానాన్ని మాత్రం ముట్టుకోవద్దు. వీలైతే ఒక వ్యాయామ ఉపాధ్యాయుడికి జీతం, ఏటా రెండు డజన్ల బంతులు సంఘం భరించాలి.

మన మూసారాంబాగ్‌కు ఆ పేరు వచ్చింది 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ వల్ల. ఆయన్ను ఇక్కడి హిందువులు మూసా రామ్ అని, ముస్లింలు మూసా రహీం అని పిలుచుకున్నారని పెద్దలు చెబుతారు. దూరదేశం నుంచి వచ్చిన సైనికుణ్ని రెండు శతాబ్దాలకు పైగా పేరులో దాచుకున్న ప్రాంతం మనది. నదికి అవతల పాఠాలు చెప్పిన పంతులు పేరు ఆ మైదానం గేటు మీద రాసుకోవడానికి మనకు ఒక డబ్బా రంగు చాలు.